కాలిన నూనె పూత

పన్నెండు మంది కలిసి కారు బాడీని ఎత్తి పక్కనున్న దుంగల మీద దించారు. నేల మీద మిగిలినదాన్ని చూసి అది కారు అని ఎవరూ అనరు. ఎవరో పుట్టమన్నుతో పెద్ద నిచ్చెన చేసి నాలుగు చక్రాలు తగిలించినట్టుంది. ఇనుము ఎక్కడా కనిపించడం లేదు. గ్రీజు, నూనె, ఇన్నేళ్ళ రోడ్ల దుమ్ము కలిసి చాసీ పొడవునా రెండు వేళ్ళ మందాన నల్లగా పేరుకుపోయాయి.

షెడ్డు మేస్త్రి వీర్రాజు వంగి చూపుడువేలితో గుచ్చి చూశాడు. వేలు మొదటి కణుపు దాకా దిగింది గానీ ఇనుము తగల్లేదు.

"ఇదేంటండీ బాబూ!" అన్నాడు. సామర్లకోట నుంచి పటాన్‌చెరు వచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ యాస పోలేదు. "ఇరవయ్యేళ్ళుగా దీని కింద ఎవరూ చెయ్యి పెట్టినట్టే లేదండి."

పని ఎంత ఉంటుందో అంచనా వేసుకుంటూ అన్న మాట అది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. కానీ విన్నవాడు కాశీనాథ్ సేట్. సంగారెడ్డి బజారులో పప్పుల దుకాణం ఆయనది, కారు ఆయన తండ్రి నలభై ఎనిమిదిలో కొన్న ఫోర్డు. ఆ మాట వినగానే సేట్ వెనక్కి తిరిగాడు.

"ఇన్నవా యాదీ? మేస్త్రి ఏమంటుండో ఇన్నవా? నీ చేతికిచ్చి ఎన్నేండ్లయిందిరా?"

వెనక నిలబడ్డ యాదన్న తలకు చుట్టిన తువ్వాలు సర్దుకున్నాడు. అరవైకి దగ్గరగా ఉన్న మనిషి. సన్నగా, గట్టిగా ఉన్నాడు.

"ఇరవై నాలుగు, సేట్."

"మరి గీ ఇరవై నాలుగేండ్లు ఏం జేసినవ్? పైన చూస్తె అద్దం లెక్క తళతళ. కింద గీ కథ!"

యాదన్న చాసీ వైపు చూశాడు. సేట్ ధోవతి అంచు నూనెకు తగలకుండా పైకి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"మేస్త్రీ, ఇనుము మంచిగుంటె బాగు చెయ్యి. కుళ్ళిపోయి ఉంటె తుక్కుకు ఏస్త. ఏదైనా గానీ, దసరా సంది నాకు కొత్త డ్రైవర్ వస్తుండు. మాటిచ్చిన. ఇగ ఈ మురికంటవా, పెంచినోడే గీకాలె. నీ మనుషుల్ని పెట్టకు. శుక్రవారం అమ్మను తీసుకొని వస్త. ఆమె కండ్లతో చూడంది తుక్కుకు పోనియ్యది."

సేట్ బొంబాయి రోడ్డు దాటి సంగారెడ్డి బస్సు ఎక్కేదాకా వీర్రాజు చేతిలో గుడ్డ నలుపుతూ నిలబడ్డాడు. తన నోటి నుంచి వచ్చిన ఒక్క మాట ఇంత దూరం పోతుందని అనుకోలేదు. వెనక్కి పిలిచి ఏదైనా చెబుదామంటే, చెప్పడానికి ఏముంది? మురికి ఎదురుగానే ఉంది.

యాదన్న అప్పటికే చొక్కా విప్పి చెట్టుకొమ్మకు తగిలించాడు.

"గీకేటిది ఏముంది మేస్త్రి నీ తాన?"

పాత కమాను పట్టీ ముక్కను సానబట్టి చేసిన బద్ద ఒకటి తెచ్చి ఇచ్చాడు వీర్రాజు. యాదన్న దాన్ని బొటనవేలితో తడిమి, పదును చాలదన్నట్టు రాతి మీద నాలుగు సార్లు నూరి, వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. మొదట పొడిగా గీకాలి. మీది పెళ్ళంతా రాలిన తర్వాతే డీజిల్. ముందే డీజిల్ పోస్తే అంతా జావయి పనిని పదింతలు చేస్తుంది. ఆ సంగతి వీర్రాజు చెప్పబోయేలోపే యాదన్న పొడిగా మొదలుపెట్టాడు. బద్దను ఇనుముకు ఎదురుగా గుచ్చకుండా పక్కవాటంగా పడుకోబెట్టి లాగుతున్నాడు. మట్టిలో కూరుకుపోయిన బోల్టు తల ఎక్కడొస్తుందో చూడకుండానే తెలిసినట్టు, అక్కడికి రాగానే చెయ్యి తేలికవుతోంది.

కింద ఎన్నడూ చెయ్యి పెట్టని మనిషికి ఈ వాటం ఎలా వచ్చిందా అని వీర్రాజుకు అనిపించింది. అప్పుడే లారీ ఒకటి వచ్చి ఆగింది. దాని బ్రేకు పనిలో పడి ఆ సంగతి మరిచిపోయాడు.

మధ్యాహ్నానికి పక్క కొట్టు బక్కమ్మ చాయ్ తెచ్చింది. యాదన్నను చూసి గ్లాసు ఇవ్వకుండానే నిలబడిపోయింది.

"ఓయ్ యాదన్నా! బొగ్గు బాయిలకెల్లి లేచొచ్చినవా ఏంది? మూతెక్కడున్నదో కనవడ్తలేదు, చాయ్ యాడ పొయ్యాలె?"

"పొయ్యంగ కనవడ్తదిలే, తే."

"సేట్ ఎల్లగొడ్తుండంట గదా. ఈ వయసుల నిన్నెవలు పిలుస్తరు? మా దుకాణంల గ్లాసులు కడుగుదువురా."

"నీ గ్లాసులకన్న ఈ చాసీ నయం," అన్నాడు యాదన్న.

బక్కమ్మ పకపకా నవ్వింది. యాదన్న కూడా నవ్వాడు గానీ, చాయ్ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. అది వీర్రాజు కంట పడింది.

మంగళవారం కూడా గీకుడుతోనే సరిపోయింది. సాయంత్రం ఇద్దరూ గోనెసంచులను డీజిల్‌లో ముంచి చాసీ వెనక సగానికి పట్టీలు కట్టినట్టు చుట్టారు. తెల్లారేసరికి అడుగు పొర నానుతుంది. ఇంటికి వెళ్ళాక వీర్రాజు శనగపిండి, సబ్బు కలిపి మోచేతుల దాకా తోముకుంటుంటే భార్య హైమావతి చెంబుతో నీళ్ళు పోసింది.

"రెండ్రోజులుగా ఏంటండీ అలా ఉన్నారు? ఆంజనేయస్వామి ముందు కూర్చుని కూడా గోడకేసి చూస్తున్నారు."

"ఒకరి గురించి తెలీకుండా మాటన్నానే. అది ఒకరి కూడు తీసేలా ఉంది."

"తెలీకుండా అన్నది తెలుసుకుని వెనక్కి తీసుకోవచ్చుగా."

"తెలుసుకోడానికేముంది? కళ్ళెదురుగా ఉంది కదా," అన్నాడు. అలా అన్నాక ఆ మాట తనకే నచ్చలేదు.

బుధవారం పొద్దున గోనెలు విప్పారు. యాదన్న బద్ద ఆనించి లాగగానే వెనక పట్టీ మీది మట్టి ముక్కముక్కలుగా కాకుండా పనస తొనలా ఒక్క పెళ్ళగా ఊడి వచ్చింది. వీర్రాజు దాన్ని చేతిలోకి తీసుకుని విరిచాడు. విరిగిన అంచు వైపు చూసి కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు.

అది మురికి పేరుకున్న తీరు కాదు. నల్ల చార, దాని మీద ఎర్రమట్టి చార, మళ్ళీ నల్ల చార. బొబ్బట్టు మడతల్లా వరసగా, సమానంగా ఉన్నాయి. ఒక నల్ల పొరలో పందివెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. బ్రష్ వెంట్రుక. గోరుతో లాగితే పొర మీద బ్రష్ ఈడ్చిన గీతలు కూడా కనిపించాయి.

పెళ్ళ ఊడిన చోట గుడ్డతో తుడిచాడు. కంపెనీ వేసిన నల్లరంగు. మొన్న వేసినట్టు మెరుస్తోంది. ఇంకాస్త తుడిస్తే ఇనుము మీద గుద్దిన నంబరు పూర్తిగా బయటపడింది. చిన్న సుత్తి తీసుకుని తట్టాడు. పూజగంట కొట్టినట్టు ఖంగుమంది.

"యాదన్నా."

"ఏంది మేస్త్రి?"

"ఇది మురికి కాదు."

యాదన్న పని ఆపలేదు.

"దీన్ని నువ్వు పూశావు."

"ఏటేటా మిరుగం కార్తె రాక ముందుగాల," అన్నాడు యాదన్న, బద్దకంటిన జిగురు గోనెకు తుడుస్తూ. "ఇంజన్ల కెల్లి తీసిన కాలిన నూనె పారెయ్యకుండ డబ్బల దాచి పెడ్త. వానలు షురూ అయ్యే ముందు చాసీకి పూస్త. పూసినంక దుమ్ము అంటుకుంటది. అంటుకోనీ. దుమ్ము తాగిన నూనె తోలు లెక్క అయితది, నీళ్ళు దిగయి. పెద్ద సేట్ కాలంల నాకు లారీ నేర్పిన సాబు చెప్పిండు."

"సేట్ గారికి తెలుసా?"

"పెద్దసేట్‌కు ఎరుకే. ఈ సేట్ ఒక్కనాడు చూసి, కారుకు మసి పూస్తున్నవేందిరా అని మస్తు తిట్టిండు. అప్పటి సంది ఆయన దుకాణానికి పోయినంక పూస్త."

వీర్రాజుకు ఒక్కసారిగా ఒళ్ళు తేలికైనట్టూ సిగ్గేసినట్టూ అయింది. చేతిలోని పెళ్ళను పాత కాగితంలో చుట్టి జాగ్రత్తగా కిటికీలో పెట్టాడు.

"మరి మొన్న సేట్ గారు అన్నేసి మాటలంటుంటే ఒక్క ముక్క చెప్పలేదేం? శుక్రవారం రానీ, నేను చెబుతాను. నా మాట నేనే వెనక్కి తీసుకుంటాను."

యాదన్న మొదటిసారి బద్ద కింద పెట్టాడు.

"ముందట ఇంక గీకలే గదా మేస్త్రి. ముందట చూసినంక మాట్లాడుదువు."

గురువారం ముందు భాగం పట్టారు. అక్కడ గీకడానికి పెద్దగా ఏమీ లేదు. మీది దుమ్ము రాలితే కింద నూనె పూతే లేదు. రేడియేటర్ కింద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వెళ్ళే అడ్డపట్టీ మీద గ్రీజుకు బదులు అట్టలు కట్టిన ఎర్రటి తుప్పు ఉంది. వీర్రాజు సుత్తితో తట్టాడు. ఖంగుమనలేదు. పుచ్చిన కొబ్బరికాయ మీద తట్టినట్టు బొదబొదమంది. రెండో దెబ్బకు సుత్తి మూతి లోపలికి దిగిపోయింది.

తుప్పు అట్టలను బద్దతో ఎత్తాడు. మూలల్లో, అతుకుల్లో ఇరుక్కుని పసుపుపచ్చని ముద్ద కనిపించింది. కాస్త కుంకుమ, నాలుగు కొబ్బరి పీచులు, రాయిలా గట్టిపడిన బియ్యపు గింజలు కూడా ఉన్నాయి. గింజను వేళ్ళ మధ్య నలిపితే ఇంకా పసుపు అంటింది. అక్షింతలు.

వీర్రాజు అలాగే గొంతుకూర్చుని ఉండిపోయాడు. యాదన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ప్రతి శుక్రవారం," అన్నాడు. "అమ్మ తన చేత్తోని చేస్తది. బిందెడు పసుపునీళ్ళు కారు ముక్కు మీద పోస్తది. కాయ కొట్టి ఆ నీళ్ళు పోస్తది. నిమ్మకాయ పిండుతది. ఒక్క శుక్రవారం ఇడవలే."

"ఎప్పటి నుంచి?"

"కారొచ్చిన రెండో ఏడు. జహీరాబాద్ కెల్లి పెద్ద సేట్‌ను తోలుకొస్తున్న. కంకర మీద జారి బండి బోల్తా కొట్టంగ కొద్దిల తప్పింది. ఇంటి ముందట ఆపినమో లేదో, అమ్మ ఉరికొచ్చి చేతుల బిందెడు నీళ్ళు బండి ముక్కు మీద కుమ్మరించింది. బండికి బొట్టు పెట్టి, అదే చేత్తోని నాకు పెట్టింది. నడిపింది నేనే గదా. ఇప్పటికీ గంతే. బండికి పెట్టినంక నాకు పెడ్తది."

"నువ్వు ఈ ముందు భాగానికి కూడా నూనె పూసి ఉంటే..."

"ఎట్ల పూస్త మేస్త్రి? అమ్మ పసుపు రాసే కాడ నేను కాలిన నూనె రాయాల్నా? అది దేవుని జాగ. నూనె సంగతి చెప్తె వెనక మంచిగెందుకున్నదో సేట్‌కు తెలుస్తది. మరి ముందట ఎందుకు పాడైందిరా అంటడు. ఏం చెప్పాలె? నీ తల్లి మొక్కే కారును తిన్నదని చెప్పాల్నా? డెబ్బై రెండేండ్ల మనిషి. మొగడు పోయినంక ఆమెకు ఆ శుక్రవారమే మిగిలింది."

"అందుకని నీ మీద వేసుకుంటావా?"

"నా మీద ఏసుకుంటె ఏం పోయింది? ఎట్లాగూ కండ్లు తగ్గుతున్నయి. నువ్వు మాత్రం వానకు తుప్పు పట్టిందను. నీకు దండం పెడ్త."

శుక్రవారం పొద్దున వీర్రాజు స్నానం చేసి దీపం పెట్టాడు. రోజూ చదివే స్తోత్రం సగంలో ఆగిపోయింది. అబద్ధం చెప్పకూడదని తెలుసు. ఒక ముసలమ్మ భక్తిని దోషిగా నిలబెట్టకూడదనీ తెలుసు. ఈ రెండూ ఎదురెదురుగా వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చిన్నప్పుడు నేర్పిన పద్యాల్లో ఎక్కడా లేదు. ప్రతి దసరాకూ షెడ్డులో డ్రిల్లు మిషన్ మీద తను కూడా చెంబెడు నీళ్ళు చిలకరిస్తాడు కదా.

"హైమా, దేవుడికని పోసిన నీళ్ళకి కూడా ఇనుము తుప్పు పడుతుందంటావా?"

తులసికోట దగ్గర ముగ్గు పెడుతున్న హైమావతి తల ఎత్తలేదు.

"ఎవరికని పోశారో నీళ్ళకేం తెలుస్తుందండీ? పోసినవాళ్ళకి తెలుస్తుంది గానీ."

పది గంటలకు కాశీనాథ్ సేట్ అద్దెకారులో వచ్చాడు. ముందు తను దిగి, తల్లి కౌసల్యమ్మను చెయ్యిపట్టి దించాడు. ఆమె సన్నగా, తెల్లగా, కాస్త ముందుకు వంగి ఉంది. ఒక చేతిలో ఇత్తడి బిందె, ఇంకో చేతిలో సంచి. సంచిలోంచి కొబ్బరికాయ పిలక కనిపిస్తోంది.

"శుక్రవారం గదా బిడ్డా," అంది వీర్రాజు చూపు గమనించి. "బండి యాడుంటె గాడ్నే చెయ్యాలె."

చాసీ ఇప్పుడు దిమ్మల మీద, కింద ఒక జానెడు చోటు తప్ప, శుభ్రంగా ఉంది. వేడి సోడానీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టారు. వెనక మూడొంతులు నల్లగా నిగనిగలాడుతోంది. ముందు అడ్డపట్టీ మాత్రం చిల్లుల జల్లెడలా ఉంది.

"సేట్ గారూ, ముందు నా తప్పు చెప్పుకోవాలండి," అన్నాడు వీర్రాజు. కిటికీలోంచి కాగితం పొట్లం తెచ్చి విప్పాడు. "ఇరవయ్యేళ్ళుగా ఎవరూ చెయ్యి పెట్టలేదన్నాను. తప్పండి. ఇదిగో చూడండి, ఏటేటా ఒక పూత. వానల ముందు ఈయన కాలిన నూనె పూశాడు. అందుకే లోపల కంపెనీ రంగు కూడా చెదరలేదు. ఇంత మంచి చాసీ ఈ రోడ్డు మీద నేను చూడలేదండి." సుత్తి తీసుకుని వెనక నుంచి ముందు అడ్డపట్టీ దాకా తడుతూ వచ్చాడు. తట్టిన చోటల్లా గంటలా మోగింది.

సేట్ పెళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు. చారల మీద వేలితో ఏదో లెక్కపెట్టి, మధ్యలో ఆపేశాడు.

"మరి ముందట గిట్లెందుకయింది?"

యాదన్న వీర్రాజు ముఖంలోకి చూశాడు.

"అది... వాన నీళ్ళండి," అన్నాడు వీర్రాజు. "ముందు భాగానికి జల్లు ఎక్కువ కొడుతుంది కదండీ."

ఇదంతా కౌసల్యమ్మ పట్టించుకున్నట్టు లేదు. బిందె మూత తీసి, పసుపు కలిపి, ముందు భాగం దగ్గరికి వచ్చింది. రెండు చేతులా బిందె ఎత్తింది. వీర్రాజు నోట్లోంచి మాట దూసుకు వచ్చేసింది.

"అమ్మా, పోయకండి!"

బిందె గాలిలో ఆగింది.

"ఎందుకు బిడ్డా?"

"తోమిన ఇనుమండి. పచ్చిగా ఉంది. తడి తగిలితే గంటలో తుప్పు లేస్తుంది."

"నీళ్ళకు తుప్పు లేస్తదా?"

"లేస్తుందమ్మా."

కౌసల్యమ్మ బిందె మెల్లగా కిందికి దించింది. చిల్లులు పడ్డ అడ్డపట్టీ వైపు చూసింది. కొడుకు చెయ్యి వదిలించుకుని వంగి, అతుకులోకి చిటికెన వేలు పెట్టి తీసింది. గోరు నిండా పసుపు. అరచేతిలో ఒక బియ్యపు గింజ రాలింది. ఆ గింజను ఎండలోకి పట్టి చాలాసేపు చూసింది.

"వానల పసుపుంటదా బిడ్డా?" అంది మెత్తగా.

వీర్రాజు తల వంచుకున్నాడు. రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. కౌసల్యమ్మ గింజను పిడికిట్లో మూసి యాదన్న వైపు తిరిగింది.

"యాదయ్యా, నీకెరుకనా?"

"ఎరుకే అమ్మా."

"ఎప్పటి సంది?"

"పదేండ్లయితది."

"మరి నోరెందుకు తెరువలే?"

"మీరు మొక్కుతుంటె నేనెట్ల అడ్డమొస్త అమ్మా?"

"మంచిగ చెప్పినవ్ పో!" కౌసల్యమ్మ గొంతులో కోపం వచ్చింది గానీ నిలవలేదు. "మొక్కెటిది నేను, బండిని చూసెటిది నువ్వు. నా పని నేను చేసుకుంట, నీ పని నిన్ను చెయ్యనియ్యలే. సల్లగ కాపాడు తండ్రీ అని పోసుకుంట పోసుకుంట ఆ తండ్రి ముక్కే కొరికి తింటి." ఆమె తనలో తానే నవ్వుకుంది. కళ్ళలో మాత్రం నీళ్ళు ఉన్నాయి. "ఏం కాశీ, నీ అయ్య ఉంటె నన్ను ఎన్ని మాటలంటుండెనో!"

కాశీనాథ్ సేట్ తల్లి వైపు చూడలేకపోయాడు, యాదన్న వైపూ చూడలేకపోయాడు. చేతిలోని పెళ్ళ ధోవతికి నల్లగా రాసుకుంటున్నా గమనించలేదు.

"మేస్త్రీ, దానికి అతుకు పడ్తదా?"

"అతుకెందుకండీ? ఆ అడ్డపట్టీ ఒక్కటీ కోసేసి కొత్తది వేస్తాను. మిగతాది ఇంకో ముప్పయ్యేళ్ళు ఉంటుంది."

"తుక్కుకు..."

"తుక్కు మాట ఎత్తకురా," అంది తల్లి.

సేట్ గొంతు సవరించుకున్నాడు. చాసీ చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, యాదన్నకు రెండు మూరల దూరంలో ఆగాడు.

"దసరాకు ఆ పిలగాడు వస్తడు. రమ్మని మాటిచ్చిన. మాట తప్పెటట్టు లేదు."

"మంచిది సేట్," అన్నాడు యాదన్న. చెట్టుకొమ్మకున్న చొక్కా అందుకున్నాడు.

"పూర్తిగ ఇను. వచ్చినంక వానికి స్టీరింగ్ ఇయ్యకు." సేట్ చూపు చాసీ మీదే ఉంది. "ముందుగాల కింద పండవెట్టు. నూనె ఎట్ల పూస్తరో, యాడ పూస్తరో, యాడ పొయ్యద్దో అన్నీ నేర్పు. నువ్వు సరే అన్నంకనే వాడు పైకి రావాలె."

చొక్కాలోకి ఒక చెయ్యి దూర్చిన యాదన్న అక్కడే ఆగిపోయాడు.

"ఎన్ని దినాలు పడ్తదన్నా నేర్పనీకి?" అని అడిగాడు సేట్. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన నోట వచ్చిన 'అన్నా' అది. ఆ పిలుపుకు ఆయనే ఎక్కువ ఇబ్బంది పడ్డట్టు, తడిలేని మూతిని అరచేత్తో తుడుచుకున్నాడు.

యాదన్న తొందరపడలేదు. చొక్కా మళ్ళీ విప్పి కొమ్మకు తగిలించాడు. కిందికి వంగి, చాసీకి ఆ వైపు ఇంకా మిగిలిపోయిన జానెడు మురికి మీద బొటనవేలు ఆనించి మందం చూశాడు.

"మూడు మిరుగాలన్న కావాలె సేట్," అన్నాడు.